ఎడిటర్‌ను తన పనికి మలుచుకోవడం: ఈమాక్స్‌లో తెలుగు నోట్సు, కోడు

టెక్స్ట్ ఎడిటర్ అంటే అక్షరాలు తప్ప మరేమీ లేని ఫైళ్లను తెరిచి, మార్చి, భద్రపరిచే సాఫ్ట్‌వేర్. వర్డ్ ప్రాసెసర్‌లో మాదిరిగా అక్షరాల లావు, రంగు, పేజీ అంచులు వంటి అలంకార సమాచారం ఆ ఫైలులో కలిసి ఉండదు కాబట్టి, అటువంటి ఫైలును ఎన్నేళ్ల తర్వాతనైనా, ఏ కంప్యూటర్ మీదనైనా తెరిచి చదువుకోవచ్చు. ప్రోగ్రామబుల్ ఎడిటర్ అన్నప్పుడు దీనికి ఇంకొక గుణం చేరుతుంది: ఏ కీ నొక్కితే ఏ పని జరగాలి, ఫైలు తెరవగానే ఏమి కనబడాలి, పదేపదే చేసే పనిని ఏ పేరుతో పిలవాలి అనే నిర్ణయాలు తయారీదారు దగ్గర ఆగిపోకుండా వాడేవారి చేతికి వస్తాయి. ఈ అధ్యాయం అలాంటి ఎడిటర్లలో పాతదైన ఈమాక్స్‌ను తీసుకొని, ఆస్పరి వంటి మండల కేంద్రంలో ఉంటూ, గుంతకల్లు–రాయచూరు రైలు మార్గం మీదనో బస్సులోనో ఆదోనికి చదువు కోసం వెళ్లివస్తూ, రాత్రిపూట ప్రోగ్రామింగ్ నేర్చుకుంటూ, ఇంట్లో పంట లెక్కలు కూడా రాసిపెట్టే అభ్యాసకులు దానిని తమకు తగినట్టు ఎలా మలుచుకోవచ్చో వివరిస్తుంది. ఇందులోని వాదన ఒక్కటే: ఎడిటర్‌లో చేసే ప్రతి మార్పూ రోజువారీ పనిలో ఎదురైన ఒక ఇబ్బందికి జవాబుగా పుట్టాలి; ఎవరో పేర్చుకున్న సెట్టింగులను మొత్తంగా తెచ్చి పెట్టుకుంటే ఆ ఎడిటర్ వారి పనికే తగినట్టు ఉంటుంది.

ప్రోగ్రామర్లు కానివారికి ఇలా మలుచుకునే పని అందదనే భయం చాలామందిలో ఉంది, కానీ ఈమాక్స్ చరిత్ర అందుకు భిన్నమైన సంగతి చెబుతుంది. 1976లో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ తదితరులు టెకో అనే పాత ఎడిటర్ కోసం అక్కడివారు రాసుకున్న చిన్నచిన్న ఆదేశాల కూర్పులను, అంటే మ్యాక్రోలను, ఒకచోట చేర్చడంతో ఇది మొదలైంది. పేరు కూడా ఆ మ్యాక్రోల నుంచే వచ్చింది. 1978లో బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్ మల్టిక్స్ అనే వ్యవస్థ కోసం దీనిని లిస్ప్ భాషలో మళ్లీ రాసినప్పుడు, ఆయన కార్యాలయంలోని సెక్రటరీలు కూడా దానిని వాడడం నేర్చుకున్నారనీ, వారికిచ్చిన పుస్తకంలో ప్రోగ్రామింగ్ అనే మాట లేకపోవడంతో తాము చేస్తున్నది ప్రోగ్రామింగ్ అని తెలియకుండానే తమ పనికి కావలసిన ఆదేశాలను రాసుకున్నారనీ స్టాల్‌మన్ తర్వాతి కాలంలో ఒక ప్రసంగంలో చెప్పారు. ఇప్పుడు అందరూ వాడుతున్న గ్నూ ఈమాక్స్ 1985లో వెలువడింది. అప్పటినుంచి అది ఉచితంగానే గాక, లోపలి కోడ్ మొత్తం చదివి మార్చుకునే స్వేచ్ఛతో కూడా లభిస్తోంది. ఒకప్పుడు ఎనిమిది మెగాబైట్ల మెమరీ మింగి కంప్యూటర్‌ను ఆయాసపెడుతుందని దీని మీద పరిహాసం ఉండేది. ఒక్కో యాప్ వందల మెగాబైట్లు తినే ఈ రోజుల్లో అదే ఈమాక్స్ సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ మీద కూడా తేలికగా నడిచే సాఫ్ట్‌వేర్‌గా లెక్కకు వస్తోంది. ఆస్పరి ప్రాంతపు అభ్యాసకులకు ఇది చిన్న విషయం కాదు. నెట్ లేకపోయినా అది పనిచేస్తుంది. కరెంటు ఉన్నట్టుండి పోయే చోట మరొక మేలు కూడా ఉంది, ఎందుకంటే ముందే ఉన్న అమరిక ప్రకారం సుమారు 300 కీలు నొక్కిన తర్వాత గానీ, 30 సెకన్ల పాటు చేయి ఆగినప్పుడు గానీ, అది ఫైలు పేరుకు ముందూ వెనుకా హ్యాష్ గుర్తులు తగిలించి ఒక నకలును తానే దాచిపెడుతుంది.

మలుచుకోవలసిన మొదటి అంశం తెలుగే. ఈమాక్స్ 2009లో వచ్చిన 23వ వెర్షన్ నుంచి అక్షరాలను యూనికోడ్ ఆధారంగా లోపల దాచుకుంటోంది. 2020 నాటి 27వ వెర్షన్‌లో హార్ఫ్‌బజ్ అనే అక్షర సంయోజక లైబ్రరీ చేరిన తర్వాత వత్తులు, గుణింతాలు సరైన చోట కూర్చొని కనబడుతున్నాయి. అయినా ఏ మార్పూ చేయని స్థితిలో తెలుగు పంక్తులు ఇరుకుగా ఉంటాయి, ఎందుకంటే ఇంగ్లిషు ఫాంటు ఎత్తుకు సరిపడే పంక్తుల మధ్య కింది వత్తులు, పై గుడులు ఒకదానికొకటి తగులుతాయి. ఫాంట్‌సెట్ అనే సదుపాయం, అంటే ఏ లిపికి ఏ ఫాంటు వాడాలో చెప్పే పట్టిక, ఇందుకే ఉంది: ఇంగ్లిషుకూ కోడ్‌కూ అన్ని అక్షరాలూ ఒకే వెడల్పు ఉండే ఫాంటును, తెలుగుకు నోటో సాన్స్ తెలుగునో, సిలికానాంధ్ర సంస్థ చొరవతో ఉచితంగా అందుబాటులోకి వచ్చిన మండలి, రామభద్ర వంటి వాటిలో ఒకదానినో కేటాయించి, తెలుగు ఫాంటు పరిమాణాన్ని కొద్దిగా పెంచి, పంక్తుల మధ్య ఎడాన్ని రెండు మూడు పిక్సెళ్లు ఎక్కువ చేస్తే కన్నుకు ఎంతో సుఖంగా ఉంటుంది. ఈ మూడు మార్పులకూ ఇనిట్ ఫైలులో, అంటే ఈమాక్స్ మొదలైనప్పుడల్లా చదువుకునే సెట్టింగుల ఫైలులో, మూడు నాలుగు పంక్తులు చాలు.

తర్వాతిది టైపింగ్. కంప్యూటర్ కీబోర్డు భాషనే తెలుగుకు మార్చి రాసేవారికి ఈమాక్స్‌లో ఒక చిక్కు ఎదురవుతుంది: కంట్రోల్ కీతో కలిపి నొక్కే ఆదేశాలన్నీ ఇంగ్లిషు అక్షరాలతో ముడిపడి ఉండడం వల్ల, తెలుగు కీబోర్డు అమల్లో ఉన్నప్పుడు అవి పనిచేయకుండా పోవచ్చు. దీనికి బదులు ఈమాక్స్ తనలోనే ఉంచుకున్న ఇన్‌పుట్ మెథడ్‌ను, అంటే నొక్కిన కీలను తెలుగు అక్షరాలుగా మార్చే అంతర్గత పద్ధతిని, వాడితే రాత తెలుగులోనూ ఆదేశాలు ఇంగ్లిషు కీలతోనూ దేని దారిన అవి నడుస్తాయి. కంట్రోల్, వెనుకకు వాలిన గీత కలిపి నొక్కితే తెలుగు వస్తుంది, మళ్లీ నొక్కితే పోతుంది. వెతుకులాట మధ్యలో కూడా అదే మీట పనిచేస్తుంది. తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్ అనే రెండు పద్ధతులూ ఇందులో ముందే ఉన్నాయి. ఇన్‌స్క్రిప్ట్ ప్రభుత్వ ప్రమాణమైన కీల అమరిక కాగా, ఐట్రాన్స్ ఇంగ్లిషు అక్షరాల ఉచ్చారణతో తెలుగు రాసే పద్ధతి. తెలుగువారిలో ఎక్కువమందికి అలవాటైన ఆర్‌టీఎస్ పద్ధతి వేరు. అది 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తెలుగు కోసమే రూపొందించినది. ఐట్రాన్స్ ముఖ్యంగా దేవనాగరి లిపిని ముందుంచుకొని పుట్టింది, అందులో రాసే సంస్కృతంలో హ్రస్వమైన ఎ, ఒ లేవు; కనుక ఎ, ఏ, ఒ, ఓ అక్షరాలకు ఏ కీలు కేటాయించారో ఇన్‌పుట్ మెథడ్ వివరణ పేజీలో ముందుగా సరిచూసుకోవడం మంచిది. ఆర్‌టీఎస్‌కు అలవాటుపడిన వేళ్లు అక్కడ తడబడితే, వేళ్లను మార్చుకోనక్కర లేదు. ఆ నాలుగు కీలకే కొత్త నియమాలు రాసి ఇన్‌పుట్ మెథడ్‌నే మార్చుకోవచ్చు. ప్రోగ్రామబుల్ అనే మాటకు అర్థం అనుభవంలోకి వచ్చేది సరిగ్గా ఇలాంటి చోటనే.

చెరపడంలో ఇంకొక సూక్ష్మం ఉంది. స్త్రీ అనే అక్షరం కంటికి ఒకటే అయినా, ఫైలులో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అనే ఆరు కోడ్ పాయింట్లుగా, అంటే యూనికోడ్ వేర్వేరు సంఖ్యలు కేటాయించిన ఆరు అంశాలుగా, నిలిచి ఉంటుంది. దాని తర్వాత కర్సర్ నిలిపి బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే గుడి దీర్ఘం మాత్రమే పోయి స్త్ర మిగులుతుంది, ఇంకొకసారి నొక్కితే ర పోతుంది, అలా ఆరుసార్లు నొక్కితే గాని మొత్తం చెరిగిపోదు. గుణింతం తప్పు దిద్దడానికి ఈ తీరు చాలా అనుకూలం, కానీ అక్షరం మొత్తాన్ని తీసేయదలచినప్పుడు విసుగు పుట్టిస్తుంది. 2023లో వచ్చిన 29వ వెర్షన్ నుంచి డిలీట్ కీ మాత్రం కర్సర్ ముందున్న కూడిక అక్షరాన్ని మొత్తంగా తీసేస్తుంది. బాణం కీ కూడా అక్షరాన్ని మొత్తంగా దాటుతుంది. ఈ రెండింటినీ కలిపితే వెనుకకు అక్షరం చొప్పున చెరిపే ఆదేశం తయారవుతుంది, అందుకు ప్రోగ్రామింగ్ అవసరమే లేదు: ఎఫ్3 నొక్కి రికార్డింగ్ మొదలుపెట్టి, ఎడమ బాణం, డిలీట్ వరుసగా నొక్కి, ఎఫ్4తో ముగిస్తే అది కీబోర్డ్ మ్యాక్రో అవుతుంది, దానికి ఒక పేరు పెట్టి, ఒక కీకి కట్టి, ఇనిట్ ఫైలులో చేర్పించుకుంటే ఇక ఎప్పటికీ ఉంటుంది. ఆ పేరు తెలుగులోనే ఉండవచ్చు. ఈమాక్స్ లిస్ప్‌లో, అంటే ఈ ఆదేశాలు రాసే భాషలో, పేర్లకు తెలుగు అక్షరాలు చెల్లుతాయి.

నోట్సు విషయానికి వస్తే ఈమాక్స్‌లో ప్రధాన సాధనం ఆర్గ్ మోడ్. మోడ్ అంటే ఒక రకం ఫైలుకు తగిన ఆదేశాలు, రంగులు, కీల సముదాయం. నక్షత్ర గుర్తుతో మొదలయ్యే పంక్తులను శీర్షికలుగా గుర్తించి, వాటిని ముడిచి విప్పే ఈ మోడ్‌ను కార్స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త 2003లో తన నోట్సు కోసమే మొదలుపెట్టారు. ఇందులో పని స్థితిని తెలిపే మాటలను కూడా మార్చుకోవచ్చు: చేయాలి, ఆగింది, అయింది అని తెలుగులో పెట్టుకుంటే అజెండా అనే ఆదేశం అన్ని ఫైళ్లలోంచి మిగిలి ఉన్న పనులను ఏరి, తేదీల వారీగా ఒక్కచోట చూపుతుంది.

అభ్యాసకులు మొదట అమర్చుకోవలసినది క్యాప్చర్, అంటే చేస్తున్న పనిని వదలకుండా రెండు కీలు నొక్కి ఒక మాట రాసిపెట్టి వెనక్కి వచ్చే సదుపాయం. దీని టెంప్లేట్లు, అనగా ముందే గీసిపెట్టిన ఖాళీ నమూనాలు, ఎవరికి వారు రాసుకోవలసినవి. ఆస్పరి టమోటా మార్కెట్‌కు గంపలు తోలే ఇంటిలో నమూనా తేదీ, ఎన్ని గంపలు, గంప ధర, కమీషన్, కోత కూలి, బండి బాడుగ అనే ఆరు గడులతో ఒక పట్టిక వరుసగా ఉంటే చాలు. తేదీ దానంతటదే పడుతుంది, మిగిలిన ఐదింటినీ అడిగి నింపుకుంటుంది. పత్తిని ఆదోని యార్డుకు తీసుకుపోయేవారికి గంప స్థానంలో క్వింటాలు, తేమ, తరుగు అనే గడులు కావాలి. ఒకరి నమూనా ఇంకొకరికి పనికిరాకపోవడం ఇక్కడ లోపం కానే కాదు. ఆర్గ్ పట్టికలో లెక్కల సూత్రాలు రాసుకోవచ్చు గనుక, ఖర్చులు పోగా ఎంత మిగిలిందో అదనంగా చేర్చిన గడిలో తానే లెక్కకట్టి చూపుతుంది. ఒక ఇబ్బంది మాత్రం చెప్పుకోవాలి: తెలుగు అక్షరాల వెడల్పులు సమానంగా ఉండవు కాబట్టి పట్టికలో నిలువు గీతలు మెలికలు తిరుగుతాయి. వ్యాలైన్ అనే ప్యాకేజీ, అంటే విడిగా చేర్చుకునే అదనపు భాగం, గీతలను పిక్సెళ్ల లెక్కన సర్దుతుంది. లేదా గడులలో అంకెలు మాత్రమే ఉంచి తెలుగు మాటను చివరి గడికి నెట్టవచ్చు. ఈ రెండో ఉపాయం మోటుగా కనబడినా ఏ కంప్యూటర్ మీదనైనా నిలుస్తుంది, అందువల్ల అదే మేలైనది. తెలుగు వచనాన్ని కూడా నిర్ణీత అక్షరాల లెక్కకు పంక్తులు విరిచే ఆదేశానికి అప్పగించకుండా, విండో అంచు దగ్గర పదాలను మడిచి చూపే విజువల్ లైన్ మోడ్‌తో చదువుకోవడమే హాయిగా ఉంటుంది.

వెతుకులాట కూడా ఊరి వాడుకకు తగినట్టు ఉండాలి. ఇంట్లో బుడ్డలు అని రాసిన పంటను మార్కెట్ చీటీలో వేరుశనగ అని రాస్తారు. ఒక మాటతో వెతికితే సగం లెక్కలే దొరుకుతాయి. ఆకర్ అనే ఆదేశానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను, అంటే ఒకటికంటే ఎక్కువ రూపాలను ఒకే నమూనాలో పట్టే రాతను, ఇచ్చి రెండు మాటలున్న పంక్తులనూ ఒకే జాబితాగా తెప్పించుకొని, ఆ ఆదేశానికి ఒక పేరు పెట్టి ఉంచుకోవచ్చు. ఇక ఫైళ్ల పేర్ల సంగతికి వస్తే, 2022లో ప్రొటెసిలావోస్ స్టావ్రూ వెలువరించిన డినోట్ అనే ప్యాకేజీ ప్రతి నోటుకూ అది పుట్టిన తేదీ, సమయాలనే పేరు మొదట్లో గుర్తుగా పెడుతుంది. పేరులోనే వివరమంతా ఉండడం వల్ల దానికి డేటాబేసు అక్కరలేదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకొని ఇంకొకరి కంప్యూటర్‌కు తీసుకుపోయినా క్రమం చెడదు.

ఆదోని బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినబడతాయి, హొళగుంద, కోసిగి వైపు పోయేకొద్దీ కన్నడం ఇంకా ఎక్కువవుతుంది. అటువంటి చోట ఒకే నోటులో మూడు లిపులు కలిసి రావడం సహజం. ఈమాక్స్‌లో ఒక్కో బఫర్‌కు, అంటే తెరిచిన ఒక్కో పాఠానికి, వేరువేరు ఇన్‌పుట్ మెథడ్ పెట్టుకోవచ్చు. 2012 నాటి 24వ వెర్షన్ నుంచి కుడి నుంచి ఎడమకు సాగే లిపులను కూడా అది సరైన దిశలో చూపుతోంది. ఆదోని ఉన్న జిల్లాలోనే గుత్తికి దగ్గరగా ఉన్న ఎర్రగుడి అశోక శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, వాటి తర్వాతివి కుడి నుంచి ఎడమకూ చెక్కి ఉండడం లిపి పరిశోధకులకు బాగా తెలిసిన విషయం. అలా ఎదురుబొదురుగా తిరిగే రాతను ఉన్నదున్నట్టు చూపడానికి మాత్రం ఈమాక్స్‌లో కూడా ముందే అమర్చిన సదుపాయం లేదు.

కోడ్ విషయంలో ఎక్కువ చెప్పనక్కర లేదు, ఎందుకంటే 29వ వెర్షన్‌లో అవసరమైనవి చాలావరకు లోపలికే వచ్చేశాయి: కోడ్ నిర్మాణాన్ని అర్థం చేసుకొని రంగులు వేసే ట్రీ-సిట్టర్ మద్దతు, తప్పులు చూపి పేర్లు పూరించే భాషా సర్వర్లతో మాట్లాడే ఎగ్లాట్, ప్యాకేజీల సెట్టింగులను పొందికగా రాసుకొనే యూజ్-ప్యాకేజ్. అభ్యాసకులకు వీటికంటే విలువైనది ఆర్గ్ బేబల్, అంటే నోట్సు మధ్యలోనే కోడ్ ముక్కను ఉంచి, అక్కడికక్కడే నడిపించి, ఫలితాన్ని దాని కిందనే పొందే ఏర్పాటు. డొనాల్డ్ నూత్ 1984లో లిటరేట్ ప్రోగ్రామింగ్ పేరుతో ప్రతిపాదించిన ఆలోచనకు, అనగా మనుషులు చదివే వివరణలో కోడ్‌ను ఇమిడ్చి రాయడానికి, ఇది దగ్గరి చుట్టం. పైన చెప్పిన టమోటా పట్టికకు ఒక పేరు పెట్టి, దాని కింద నాలుగు పంక్తుల పైథాన్ ముక్క రాసి, ఆ పట్టికనే దానికి సమాచారంగా అందిస్తే, ఏ వారంలో గంపకు సగటున ఎంత పలికిందో తేలుతుంది. ఆ ముక్కలో వచ్చే లూపు, అంటే ఒకే పనిని ప్రతి వరుసకూ తిరిగి చేయించే కోడ్, ఎందుకు రాయాలో పాఠ్యపుస్తకంలోని కృత్రిమ ఉదాహరణలకంటే ఇంటి లెక్క త్వరగా నేర్పుతుంది. బేబల్‌లో మొదట లిస్ప్ మాత్రమే అనుమతించి ఉంటుంది, పైథాన్‌ను విడిగా అనుమతించాలి. నడిపే ముందు ప్రతిసారీ అది అడిగే ప్రశ్నను విసుగని తీసేయడం మాత్రం తగదు, ఎందుకంటే ఇతరుల నుంచి వచ్చిన నోటులో ఏ కోడ్ దాగి ఉందో చదవకుండా తెలియదు.

మార్పులు ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియనివారికి ఈమాక్స్ స్వయంగా ఒక ఆధారం ఇస్తుంది. కంట్రోల్-హెచ్ తర్వాత ఎల్ నొక్కితే చివరిగా నొక్కిన మూడు వందల కీలు వరుసగా కనబడతాయి. గంటసేపు పని చేసిన తర్వాత ఆ జాబితా చూస్తే, ఒకే కీల గుంపు మళ్లీ మళ్లీ వచ్చిన చోటనే మార్పు అవసరముందని తెలిసిపోతుంది. ఆ గుంపును ముందు మ్యాక్రోగా, కొన్నాళ్లు నిలిచి వాడుకలో ఉంటే పేరున్న ఆదేశంగా, అప్పటికీ చేయి దానివైపే పోతుంటే కీకి కట్టిన ఆదేశంగా క్రమంగా పెంచుకోవాలి. కంట్రోల్-హెచ్, కె నొక్కి ఏ కీ నొక్కినా అది చేసే పని వివరణ, దాని కోడ్ ఉన్న చోటుకు లింకు కనబడతాయి కాబట్టి, లిస్ప్‌ను విడిగా కూర్చొని నేర్చుకోనవసరం లేకుండా, ఉన్న ఆదేశాన్ని చదివి దానిని కొద్దిగా మార్చడం ద్వారా నేర్చుకోవచ్చు. ఇనిట్ ఫైలులో ప్రతి మార్పు పైనా అది ఎందుకు పెట్టారో ఒక్క వాక్యం తెలుగులో వ్యాఖ్యగా రాసి, ఆ ఫైలును గిట్‌లో, అనగా పాత రూపాలన్నిటినీ గుర్తుంచుకొనే వ్యవస్థలో, ఉంచాలి. కారణం రాయలేని పంక్తి ఆ ఫైలులో ఉండకూడదు. ఇతరుల వందల పంక్తుల ఇనిట్ ఫైలును యథాతథంగా దించుకున్నవారు ఏదైనా ఆగిపోయినప్పుడు దిక్కుతోచక నిలబడేది ఇందువల్లనే. పరీక్షలు దగ్గర పడుతున్న రోజుల్లో రంగుల థీములు మార్చుకుంటూ రాత్రులు గడిపేవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇనిట్ ఫైలు చెడిపోయి ఈమాక్స్ సరిగా తెరుచుకోకపోతే, దానిని క్యూ అనే పెద్దక్షరపు ఐచ్ఛికంతో, అంటే ఏ సొంత సెట్టింగులూ చదవకుండా, తెరిచి చూడాలి. అక్కడ సమస్య లేకపోతే ఇనిట్ ఫైలులో సగభాగాన్ని వ్యాఖ్యగా మార్చి చూస్తూ, ప్రతిసారీ మిగిలినదానిని సగం చేసుకుంటూ పోతే తప్పున్న పంక్తి ఏ కొద్దిసార్లలోనో దొరుకుతుంది.

లాప్‌టాప్ అందరి దగ్గరా ఉండదు, మార్కెట్‌కు ఎవరూ దానిని మోసుకుపోరు. 2025లో వచ్చిన 30వ వెర్షన్ నుంచి ఈమాక్స్ ఆండ్రాయిడ్ ఫోన్ మీద కూడా నడుస్తోంది, కంట్రోల్, ఆల్ట్ కీలు లేని తెర కీబోర్డు కోసం ఆ కీలను బొత్తాలుగా చూపే ఒక పట్టీ కూడా దానిలో చేరింది. ఫోన్‌లో కోడ్ రాయడం శ్రమే గాని, క్యాప్చర్ నమూనాతో ఒక వరుస నింపడం సులువు. రెండు పరికరాలకూ వేరువేరు ఇనిట్ ఫైళ్లు పెట్టుకోనక్కర లేదు: నడుస్తున్నది ఏ వ్యవస్థ మీదనో ఈమాక్స్‌కు తెలుసు, కాబట్టి ఆండ్రాయిడ్ అయితే పెద్ద అక్షరాలు, ఆ పట్టీ, క్యాప్చర్ మాత్రమే తెరవమనీ, కాకపోతే మిగిలినవన్నీ చదవమనీ ఒక్క షరతు రాసి, ఆ ఫైలునే ఫోన్‌లోకి నకలు చేసుకుంటే సరిపోతుంది.